డర్బర్‌విల్ వారి టెస్

థామస్ హార్డీ నవల ‘టెస్ ఆఫ్ ది డర్బర్‌విల్స్’ పేరుని తెలుగులోకి తెమ్మంటే నేనైతే ‘డర్బర్‌విల్ వారి టెస్’ అంటాను. శుభలేఖల మీద ‘ఫలానా వారి అమ్మాయి’ అని అచ్చేస్తారు కదా, ఆ ‘వారి’ అన్నమాట. 1891లో వచ్చిన ఈ నవల గురించి మాట్లాడేవాళ్లు సాధారణంగా టెస్‌కి జరిగిన అన్యాయం దగ్గర మొదలుపెడతారు. అలెక్ దుర్మార్గం, ఏంజెల్ క్లేర్ రెండు నాల్కల నీతి, విక్టోరియన్ సమాజం, విధి. ఇవన్నీ ఉన్నాయి, కాదనను. కానీ మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఈ కథని నడిపించేది ఒక ఇంటిపేరు. అది ఎక్కడిది, ఎలా అరిగింది, ఎవరు సొంతం చేసుకున్నారు, దాని ఖరీదు ఎవరు చెల్లించారు అని వెతుక్కుంటూ చదివితే ఈ నవల బలమూ బలహీనతా రెండూ ఒకేచోట దొరుకుతాయని నా ఉద్దేశం. (కథ ముందే తెలిసిపోతే ఇబ్బంది అనుకునేవాళ్లు నవల చదివేసి రండి, తొందరేం లేదు.)

మొదలు ఇలా ఉంటుంది. మే నెలలో ఒక సాయంత్రం జాన్ డర్బీఫీల్డ్ అనే పల్లెటూరి మనిషి ఇంటికి నడిచి వెళ్తుంటాడు. గుర్రబ్బండి కట్టుకుని చిల్లర వ్యాపారం చేసుకునే మనిషి. ఎదురొచ్చిన ట్రింగమ్ అనే పాదిరీ అతన్ని ‘సర్ జాన్’ అని పలకరిస్తాడు. ఈ పాదిరీకి పాత రికార్డులు తవ్వే సరదా. మీ డర్బీఫీల్డ్ అసలు డర్బర్‌విల్ అనీ, మీ మూలపురుషుడు 1066లో విలియంతో పాటు నార్మండీ నుంచి వచ్చిన యోధుడనీ చెప్తాడు. మరి ఆ డర్బర్‌విల్స్ ఇప్పుడెక్కడ ఉంటారని జాన్ అడిగితే, ఎక్కడా ఉండరు, ఆ వంశం అంతరించిపోయింది అంటాడు. అంతరించిపోయిన వంశం వారసుడు ఎదురుగా నిలబడి ఆ సంగతి వింటుంటాడు! మరి నేనేం చెయ్యాలి అని అడిగితే, చెయ్యాల్సిందేం లేదు, స్థానిక చరిత్ర రాసుకునేవాళ్లకి తప్ప ఇది ఎందుకూ పనికిరాదు అని పాదిరీ తన దారిన తను పోతాడు.

పనికిరాని ఆ సమాచారం ఏం చేసిందో వరసగా చూడండి. జాన్ ఆనందం పట్టలేక తాగుతాడు. తాగి లేవలేకపోతే, తెల్లారకముందే తేనెపట్లు సంతకి చేర్చడానికి కూతురు టెస్ బండి తోలుకుని వెళ్తుంది. చీకట్లో టపాబండి గుద్ది గుర్రం చచ్చిపోతుంది. గుర్రం పోతే బతుకుతెరువు పోయినట్టే. తప్పు తనదేనని కుమిలిపోతున్న టెస్‌ని, డర్బర్‌విల్ పేరున్న డబ్బున్నవాళ్లు పక్క ప్రాంతంలో ఉన్నారట, చుట్టరికం కలుపుకుని రమ్మని తల్లి పంపిస్తుంది. అక్కడ అలెక్ ఉంటాడు. కొన్నాళ్లకి ఛేజ్ అడవిలో ఒక రాత్రి టెస్‌కి జరగకూడనిది జరుగుతుంది. దారిలో పడేసిన ఒక్క కబురు నుంచి ఇంతదాకా వచ్చింది.

ఇక్కడ కాస్త ఆగి ఆ పేరు సంగతి చూద్దాం. నార్మన్లు రాకముందు ఇంగ్లండులో ఒక మనిషిని గుర్తుపట్టడానికి పక్కన ఇంకో పేరు చేర్చేవాళ్లు గానీ, అది తండ్రి నుంచి కొడుక్కి వచ్చేది కాదు. 1066 తర్వాత వంశపారంపర్యంగా ఇంటిపేర్లు పెట్టుకోవడం ముందు భూస్వాముల్లో మొదలైంది. భూమి కొడుక్కి పోతున్నప్పుడు, ఆ భూమి పేరూ కొడుక్కి పోవడం సౌకర్యం. మామూలు జనానికి ఇది మెల్లగా పాకింది. 1400 ప్రాంతానికి దాదాపు అందరికీ స్థిరమైన ఇంటిపేర్లు వచ్చేశాయి. కొన్ని వృత్తి నుంచి వచ్చాయి (స్మిత్ అంటే కమ్మరి), కొన్ని తండ్రి పేరు నుంచి (జాన్సన్), కొన్ని ఊరూ గుట్టా వాగూ నుంచి, కొన్ని మారుపేర్ల నుంచి. ‘హార్డీ’ ఈ చివరి రకం. పాత ఫ్రెంచిలో ధైర్యవంతుడని అర్థం.

డర్బర్‌విల్ హార్డీ కల్పన. దాని వెనకున్న టర్బర్‌విల్ మాత్రం అసలు సిసలు డోర్సెట్ ఇంటిపేరు. ఇంటిపేర్ల నిఘంటువులు దీన్ని నార్మండీలోని తుబెర్‌విల్‌కి తీసుకెళ్తాయి. ఆ మాట ఇప్పటికీ అక్కడ ఒక ఊరి పేరులో ఉంది. డోర్సెట్‌లో బియర్ రీజిస్ వాళ్ల ముఖ్యస్థానం. నవలలో కింగ్స్‌బియర్ అన్నది ఈ ఊరే. అక్కడి చర్చిలో టర్బర్‌విల్స్ సమాధులు, వాళ్ల చిహ్నాలున్న రంగుటద్దాల కిటికీ ఇప్పటికీ చూడొచ్చు. 18వ శతాబ్దంలో ఆ శాఖలో మగ సంతానం ఆగిపోయింది. ఈ ఇంటిపేరున్నవాళ్లందరూ కత్తులు పట్టుకు తిరిగినవాళ్లేం కాదు. జార్జ్ టర్బర్‌విల్ 16వ శతాబ్దపు కవి. డాబెనీ టర్బర్‌విల్ సాల్స్‌బరీలో పేరున్న కంటి వైద్యుడు. చూపు పోతుందేమోనని బెంగపడ్డ డైరీ రచయిత శామ్యూల్ పీప్స్ 1668లో చూపించుకున్నది ఈయనకే. హార్డీ ఈ కవినీ, డాక్టర్నీ వదిలేసి యోధుల్నీ సమాధుల్నీ మాత్రం నవలలోకి తెచ్చుకున్నాడు. ఎందుకో తర్వాత చూద్దాం.

డర్బర్‌విల్ డర్బీఫీల్డ్‌గా మారడం కూడా గాలిలోంచి పుట్టలేదు. ఫ్రెంచిలో ‘విల్’ అంటే ఊరు. ఇంగ్లీషు పల్లెటూరి చెవికి అది తెలిసిన మాట కాదు, ‘ఫీల్డ్’ తెలిసిన మాట. చర్చి గుమాస్తా చెవికి వినపడ్డట్టు రిజిస్టర్లో రాసుకునేవాడు. చెప్పేవాడికి చదువు రాదు, రాసిన దాన్ని సరిచూసేవాడు లేడు. అలా ఆంజెర్‌విల్ నుంచి వచ్చినవాళ్లు ‘డేంజర్‌ఫీల్డ్’ అయ్యారు. ప్రమాదానికీ పొలానికీ ఆ పేరుతో ఏ సంబంధమూ లేదు. టర్బర్‌విల్ కూడా కొందరి నోట ‘ట్రబుల్‌ఫీల్డ్’ అయింది. ఈ సూత్రాన్నే వాడి హార్డీ ‘డర్బీఫీల్డ్’ తయారు చేశాడు. ఆయన చేసిన ఇంకో చిన్న మార్పు గమనించండి. టర్బర్‌విల్‌లో ముందున్న ‘ట’ తీసేసి ‘డ’ పెట్టాడు. ఆ ‘డ’ ఫ్రెంచిలో ‘నుంచి’ అని చెప్పే మాట. అంటే అసలు పేరు కంటే కల్పిత పేరు ఎక్కువ నార్మన్‌గా ధ్వనిస్తుంది. పాతదిగా కనపడాలంటే కొంచెం కొత్త మెరుగు పెట్టాలన్న సంగతి ఆయనకి బాగా తెలుసు.

ఆ సంగతి అలెక్ తండ్రికీ తెలుసు. అతని పేరు సైమన్ స్టోక్. ఉత్తరాదిన వ్యాపారం చేసి, కొందరి మాటల్లో వడ్డీలకి తిప్పి, డబ్బు గడించాడు. దక్షిణాదికి వచ్చి పెద్దమనిషిగా స్థిరపడాలనుకున్నాడు. బ్రిటిష్ మ్యూజియంలో కూర్చుని, తను ఉండబోయే ప్రాంతంలో అంతరించిన, చితికిపోయిన వంశాల పుస్తకాలు తిరగేసి, చెవికి ఇంపుగా ఉందని డర్బర్‌విల్ ఎంచుకున్నాడు. స్టోక్-డర్బర్‌విల్ అయ్యాడు. తర్వాత తర్వాత ఆ స్టోక్ కూడా రాలిపోయింది. ఇందులో చట్టానికి విరుద్ధం ఏమీ లేదు. మోసం చేసే ఉద్దేశం లేనంతవరకూ ఇంగ్లండులో ఎవరైనా ఏ ఇంటిపేరైనా పెట్టుకోవచ్చు. 1891 నాటి పాఠకులకి ఇది అతిశయోక్తిగానూ అనిపించి ఉండదు. కవి టెనిసన్ చిన్నాన్న చార్లెస్ 1835లో ‘టెనిసన్-డెయిన్‌కోర్ట్’ అయ్యాడు, పేరుకి తగ్గట్టు మధ్యయుగపు కోటలాంటి ఇల్లూ కట్టించుకున్నాడు. మా ఉద్యోగ భాషలో చెప్పాలంటే ఇంటిపేరు ప్రైమరీ కీ కాదు, అనుమతి ఉన్నవాడు ఎవడైనా మార్చుకోగల ఒక ఫీల్డు. అనుమతి ఇచ్చేది డబ్బు.

నవలలో నాకు అద్భుతంగా అనిపించేది ఈ అమరిక. ‘అసలు’ పేరున్నవాడు తాగుబోతు, వాడికి ఆ పేరు పలకడం కూడా రాదు. నకిలీ పేరున్నవాడికి బంగళా, గుర్రాలు, ఊళ్లో పలుకుబడి. పేరుకి విలువ రక్తంలో ఉంటే కథ వేరేలా నడవాలి. ఇక్కడ పేరు ఒక కాగితం. అది ఎవరి చేతిలో ఉందన్నదే అసలు ప్రశ్న.

ఏంజెల్ క్లేర్ దగ్గరికి వద్దాం. పాదిరీ కొడుకు, చదువుకున్నవాడు, వ్యవసాయం నేర్చుకోవడానికి టాల్బోథేస్ డెయిరీకి వచ్చాడు. టెస్ పాలు పితికే పనికి చేరింది అక్కడే. ఏంజెల్‌కి పాత వంశాలంటే పడదని పేరు. డెయిరీ యజమాని క్రిక్ టెస్‌కి ఒక ముచ్చట చెప్తాడు. పని కోసం ఒక కుర్రాడొచ్చాడట. ఇంటిపేరు ఏమిటంటే, మాకు ఇంటిపేరు ఉన్నట్టు ఎప్పుడూ వినలేదు, మావాళ్లు స్థిరపడి ఇంకా ఎన్నాళ్లో కాలేదు కదా అన్నాడట. ఏంజెల్ ఎగిరి గంతేసి, నాకు కావలసింది నీలాంటివాడే అని చెయ్యి కలిపి డబ్బులిచ్చాడట. ఇది విన్న టెస్ తన పూర్వీకుల సంగతి పెదవి దాటనివ్వదు.

ఆ తర్వాత పెళ్లి మాట వచ్చినప్పుడు, టెస్ తన గతం చెప్పేయాలని మొదలుపెడుతుంది. ధైర్యం చాలక, మధ్యలో మాట మార్చి, నేను డర్బీఫీల్డ్‌ని కాదు, డర్బర్‌విల్‌ని అని చెప్పి ఊరుకుంటుంది. అసలు రహస్యం ఉండాల్సిన చోట ఇంటిపేరు వచ్చి కూర్చుంది. విని ఏంజెల్ ఏం చేయాలి? అసహ్యించుకోవాలి. అతను మురిసిపోతాడు! లోకం ఎలాగూ పటాటోపం చూస్తుంది, అమ్మ కూడా సంతోషిస్తుంది, ఇవాళ్టి నుంచే నీ పేరు సరిగ్గా డర్బర్‌విల్ అని రాయాలి అంటాడు. నాకు పాతదే నచ్చుతుంది, ఈ పేరు అచ్చిరాదేమో అంటుంది టెస్. అయితే నా పేరు తీసుకో, దాన్నుంచి తప్పించుకుంటావు అంటాడు. ఇంటిపేర్లు లెక్క చేయననేవాడు ఒక్క సంభాషణలో ఆమెకి రెండు ఇంటిపేర్లు పంచాడు.

పెళ్లి రాత్రి టెస్ నిజం చెప్పేశాక అదే పేరు నేరారోపణ అవుతుంది. నీ వంశం దిగజారడానికీ నీ దిగజారుడుకీ ఏదో సంబంధం ఉందంటాడు, ఆ పాదిరీ నోరు మూసుకుని ఉంటే బాగుండేదంటాడు. దానికి టెస్ ఇచ్చే జవాబు నాకు మొత్తం నవలలోకెల్లా తెలివైన మాట. మా వంశం ఒక్కటే ఏంటి, రెట్టీ వాళ్లూ ఒకప్పుడు భూస్వాములే, ఇప్పుడు బళ్లు తోలుకునే డెబ్బీహౌస్ వాళ్లు ఒకప్పుడు ‘ద బాయో’లు, ఈ జిల్లాలో ఎక్కడ చూసినా నాలాంటివాళ్లే అంటుంది. ద బాయో డెబ్బీహౌస్ అవడం! ఇంటిపేర్ల చరిత్ర మొత్తం ఆ ఒక్క ఉదాహరణలో ఉంది. దిగజారిన ప్రతి వంశంలోనూ ఆడపిల్లలు చెడిపోవాలంటే జిల్లాలో ఎవరూ మిగలరన్నది ఆమె తర్కం. చదువుకున్న ఏంజెల్ పేరులో రక్తాన్ని చూశాడు. పాలు పితికే టెస్ అందులో చరిత్రని చూసింది.

ఇక నా ఫిర్యాదు. టెస్ ఇంత స్పష్టంగా కొట్టిపారేసిన వాదనని హార్డీ వదిలిపెట్టడు. అదే రాత్రి ఏంజెల్ మనసు మెత్తబడి ఆమె గది తలుపు వైపు అడుగేస్తాడు. పైన గోడ మీద పాత డర్బర్‌విల్ ఆడవాళ్ల చిత్రాలు ఉంటాయి. క్రూరమైన ఆ ముఖాల్లో టెస్ పోలికలు కనిపించి వెనక్కి తిరుగుతాడు. ఈ చిత్రాలు హార్డీ పుట్టించినవి కావు, వుల్ దగ్గరున్న వుల్‌బ్రిడ్జ్ మేనర్ గోడల మీద అలాంటివి నిజంగానే ఉండేవి. అయితే పోలిక కనపడేలా చేసింది మాత్రం రచయితే. ఏంజెల్‌కి ఒక సాకు అవసరమైన క్షణంలో రచయిత సాక్ష్యం అందించాడు. ఒక్కచోట కాదు. డర్బర్‌విల్స్‌కి మాత్రమే వినపడే గుర్రబ్బండి శాపం ఉంది. అడవిలో ఘటన తర్వాత, ఈమె పూర్వీకులు కూడా ఏ రైతుపిల్లలకో ఇదే చేసి ఉంటారులే అన్న వ్యాఖ్యానం ఉంది. పితరుల పాపం పిల్లలకి చుట్టుకోవడం దేవుళ్లకి న్యాయమేమో గానీ మామూలు మనుషులు ఒప్పుకోరని వెంటనే సర్దుకుంటాడు, నిజమే. మరి నమ్మని వాదనని అన్నిసార్లు ఎందుకు తీసుకురావడం?

నా ఊహకి ఆధారం హార్డీ జీవితంలోనే ఉంది. ఆయన తాపీమేస్త్రీ కొడుకు. తమది జెర్సీ ద్వీపపు ‘ల హార్డీ’ల వంశమని నమ్మేవాడు, అడ్మిరల్ నెల్సన్ నౌక కెప్టెన్ హార్డీతో చుట్టరికం చెప్పుకునేవాడు. 1888 సెప్టెంబరులో, ఒకప్పుడు హార్డీలదైన వుల్‌కూంబ్ అనే చోటికి నడిచి వెళ్లి, హార్డీల పతనం ఈ చుట్టుపక్కల కళ్లకి కట్టినట్టుందని రాసుకున్నాడు. అప్పటికి అక్కడ ఉన్నది ఒక డెయిరీ. ఈ సంగతులు మనకి తెలిసింది ఆయన రెండో భార్య ఫ్లోరెన్స్ పేరుతో వచ్చిన జీవితచరిత్ర నుంచి. దాన్ని చాలావరకూ రాసింది హార్డీయే! నవలలో క్రిక్, చితికిపోయిన పాత వంశాల జాబితా ఒకటి చదువుతాడు. బిల్లెట్లు, గ్రేలు, గౌల్డ్‌లు… ఆ వరసలో ‘హార్డీ’లూ ఉన్నారు. అందరూ దాన్ని సరదా సంతకంగా చూస్తారు. నాకది ఒక కోరికలా కనపడుతుంది. వంశగర్వాన్ని వెక్కిరించే నవల రాస్తున్న మనిషి, చితికిపోయినవాళ్ల జాబితాలోనైనా సరే, తన ఇంటిపేరు ఉండాలనుకున్నాడు. కవినీ కంటి డాక్టర్నీ వదిలి యోధుల్ని పట్టుకున్నది కూడా అందుకే అనుకుంటాను. కవులూ డాక్టర్లూ అయితే అది మామూలు కుటుంబం అయిపోతుంది, పతనానికి అంత ఎత్తు ఉండదు.

అందుకే నాకు ఈ నవలలో పేరు కాగితంలా పనిచేసే చోట్లు గొప్పగానూ, పేరు రక్తంలా పనిచేసే చోట్లు పలచగానూ అనిపిస్తాయి. ఇంటిపేరు చెప్పగానే ఎదుటివాడి ముఖంలో లెక్కలు మొదలవడం చూసిన తెలుగు పాఠకులకి ఈ తేడా ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు. ‘రక్తం’ అన్న మాట ఎప్పుడు వాడినా దాని వెనక ఎవరికో లాభం ఉంటుంది.

కాగితంలా పనిచేసే చోట్లు చివర్లో రెండున్నాయి. జాన్ చనిపోగానే ఇంటి మీద కౌలుహక్కు తీరిపోతుంది, కుటుంబం వీధిన పడుతుంది. కింగ్స్‌బియర్ వెళ్తే అక్కడ మాట్లాడుకున్న గది వేరేవాళ్లకి ఇచ్చేసి ఉంటారు. మంచాలు దించి చర్చి గోడ పక్కన, డర్బర్‌విల్ కిటికీ కిందే వేసుకుంటారు. లోపల పూర్వీకులకి పాలరాతి సమాధులున్నాయి, బయట పిల్లలకి కప్పు లేదు. ఆ సమాధుల మీంచే అలెక్ లేచి కూర్చుంటాడు. కింద పడుకున్న అసలువాళ్ల కంటే ఈ నకిలీవాడే నీకు ఎక్కువ పనికొస్తానని అతను చెప్పినప్పుడు, అంత నీచుడి మాటా నిజమే కావడం భరించలేం.

రెండోది శాండ్‌బోర్న్‌లో. తప్పు తెలుసుకుని, ఆరోగ్యం పాడైపోయి తిరిగొచ్చిన ఏంజెల్ భార్యని వెతుక్కుంటూ ఆ ఊరికి వస్తాడు. పోస్ట్‌మ్యాన్‌ని మిసెస్ క్లేర్ గురించి అడుగుతాడు. తెలీదంటాడు. పోనీ మిస్ డర్బీఫీల్డ్? ఆ పేరూ లేదు గానీ, ఫలానా బసలో డర్బర్‌విల్ అని ఉన్నారని ఇంకొకడు చెప్తాడు. ఏంజెల్ సంబరపడతాడు, పేరుని సరిగ్గా పలకడం మొదలుపెట్టిందని! నిజానికి ఆమె అక్కడ అలెక్‌తో ఉంటోంది. అది నకిలీ డర్బర్‌విల్. తను మురిసిపోయి దిద్దిన స్పెల్లింగే ఆమెని అతనికి పట్టించింది, చాలా ఆలస్యంగా, చాలా తప్పుగా. ఒక ఇంటిపేరు చరిత్ర తెలిసిన రచయిత మాత్రమే రాయగల సన్నివేశం ఇది.

పాదిరీ, తండ్రి, తల్లి, అలెక్, ఏంజెల్ అందరూ టెస్‌కి ఏదో ఒక పేరు తగిలించినవాళ్లే. తను పెట్టిన పేరు ఒక్కటే. పుట్టిన కొన్నాళ్లకే చచ్చిపోతున్న తన బిడ్డకి రాత్రిపూట, చెల్లెళ్లూ తమ్ముళ్లూ సాక్షులుగా, తనే బాప్టిజం ఇచ్చి ‘సారో’ అని పిలుచుకుంటుంది. దుఃఖం అని అర్థం. ఇంటిపేరు లేదు. చర్చి ఒప్పుకోలేదు కాబట్టి బిడ్డని శ్మశానంలో పనికిరాని మూలన పాతిపెడతారు. టెస్ రెండు పుల్లలతో సిలువ కట్టి, పూలు పెట్టడానికి ఒక ఖాళీ జాడీ ఉంచుతుంది. ఆ జాడీ మీద ఒక పేరు అచ్చై ఉంటుంది, మార్మలేడ్ చేసే కంపెనీది. డర్బర్‌విల్స్ ఆఖరి మనవడి సమాధి మీద చదవడానికి ఉన్న అక్షరాలు అవే.